సరుకుల గది

తుఫాను మా దీవిని తొక్కేసి పోయాక, కొండ మీద ట్రెగార్ వాళ్ళ ఇల్లు వరండా లేకుండా నిలబడింది. ముందుపళ్ళు రాలిన ముసలమ్మలా ఉందని కింద బజారులో నవ్వుకున్నారు. ఆ మాట మా అగస్టా అత్త చెవిన పడనివ్వలేదు నేను. పడితే ఆ వయసులో కూడా కర్ర పట్టుకుని కొండ దిగి, అన్నవాడి ఇంటి ముందు నిలబడే మనిషి ఆవిడ.

అగస్టా అత్త మా నాన్నకు చిన్నాన్న కూతురు. పెళ్ళి చేసుకోలేదు. మా ఊరు లెవుకా బళ్ళో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పింది. ఊళ్ళో నెరిసిన తల ఏది కనిపించినా "వీడికి అక్షరాలు నేర్పింది నేనే" అనేది. నేను ఆసుపత్రిలో నర్సుని. మా ఆయన పోయాక అత్తకు తోడుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాను.

ఇల్లు కట్టించింది అత్త ముత్తాత, కెప్టెన్ జోసయ ట్రెగార్. మా ఫిజీ దీవులు విక్టోరియా రాణి చేతిలోకి వెళ్ళిన కొత్తలో, లెవుకా రాజధానిగా ఉన్న రోజుల్లో కట్టించాడు. కొండ వాలు కాబట్టి ముందువైపు ఎత్తుగా నల్లరాతి గోడ లేపి, దాని మీద ఇల్లు నిలబెట్టారు. పలకలు న్యూజిలాండు నుంచి ఓడలో వచ్చిన కౌరీ చెక్కవి. హాల్లో డాన్సులు జరిగేవట, దొరలు పల్లకీల్లాంటి కుర్చీల్లో కొండెక్కి వచ్చేవారట. రాజధాని సువాకి వెళ్ళిపోయాక డాన్సులూ పోయాయి, ఓడలూ పోయాయి. కెప్టెన్ కొడుకు మా ఫిజీ అమ్మాయిని చేసుకున్నాడు. ఆవిడే అత్తకు నాయనమ్మ. తర్వాత ఆ ఇంట్లో కొన్నాళ్ళు బాటసారులకు గదులు అద్దెకిచ్చారు, కొన్నాళ్ళు పియానో నేర్పారు, యుద్ధమప్పుడు సైనికులున్నారు. ఇవన్నీ చూసిన ఇల్లు. ఇప్పుడు మా ఊరంతటినీ పాతకాలపు ఊరని కాపాడుతున్నారు. సువాలో ఆఫీసును అడక్కుండా ఒక్క కిటికీ రంగు మార్చకూడదు.

ఆ నియమం అత్తకు ప్రాణం. యాత్రికులు వస్తే తనే ఎదురెళ్ళి ఇల్లంతా తిప్పి చూపించేది. కెప్టెన్ తాతగారు ఇక్కడ కూర్చుని దుర్భిణీతో ఓడల్ని చూసేవారు, కెప్టెన్ తాతగారి కొబ్బరి వ్యాపారం సిడ్నీ దాకా, ఇలా. ఎన్నిసార్లు విన్నా ఒక్క మాట తేడా ఉండేది కాదు.

తుఫాను తర్వాత మరమ్మతుకు అనుమతి రావడానికే ఏడాది పట్టింది. వడ్రంగం అపొరోసాకి ఒప్పగించారు. దీవికి అటువైపున్న సాలమన్ వాళ్ళ వాడ అతనిది. వాళ్ళ తాతముత్తాతలు సాలమన్ దీవుల మనుషులు. ఆ కాలంలో ఓడలవాళ్ళు పూసలూ గొడ్డళ్ళూ చూపించి పడవల్లోకి రమ్మనేవారు, ఎక్కాక తలుపులు మూసేవారు. అలా తెచ్చి ఇక్కడి పత్తి తోటలకు, కొబ్బరి తోటలకు అప్పజెప్పేవారు. తోటలు మూతపడ్డాక వాళ్ళలో చాలామందికి వెనక్కి వెళ్ళే దారి లేకపోయింది. ఈనాటికీ వాళ్ళుంటున్న నేల వాళ్ళది కాదు. ఇదంతా మా దీవిలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి కాబట్టే ఎవరూ మాట్లాడరు.

అపొరోసా ఎటునుంచి వరస కలిపినా నాకు బావ. మాలో బావామరదళ్ళు ఎదురుపడి ఎకసెక్కాలాడకుండా పోతే తప్పు.

"ఏం మరదలా, ఈ దూలాల చప్పుడనుకుని పైకి చూశాను. తీరా చూస్తే నీ మోకాళ్ళు!"

"నా మోకాళ్ళ సంగతెందుకు బావా, నువ్వు కొట్టిన మేకు సంగతి చూసుకో. నీ మాటలాగే ఉంది. పొద్దున బిగుతు, సాయంత్రానికి వదులు."

లోపల్నుంచి అత్త కేకేసేది. "ఒరేయ్ అపొరోసా, అవి కౌరీ పలకలు రా! ఒక్కటి విరిగిందంటే నిన్ను విరుస్తాను!"

"చిన్నప్పుడు బళ్ళో విరిచింది చాలలేదా టీచరమ్మా?"

వరండా పూర్తయింది. పైకప్పు రేకులు పడ్డాయి. చివరికి మిగిలింది కింద సరుకుల గది. ఇంటి ముందు రాతి గోడ ఉందన్నానే, దాని వెనకాల అరుగు కింద ఉంటుంది ఆ గది. కొబ్బరి, ఆల్చిప్పలు దాచడానికి కెప్టెన్ కట్టించాడని చెప్పుకునేవాళ్ళం. చిన్న కిటికీ ఒకటి, దానికి ఇనప ఊచలు. తలుపుకి బయటివైపు బారెడు గడియ. తుఫానులో వరదనీళ్ళు చేరి నేల పలకలు కుళ్ళిపోయాయి. అవి ఎత్తితేగానీ కింద దూలాల సంగతి తెలియదన్నాడు అపొరోసా.

ఆ రోజు నాకు సెలవు. వంటింట్లో చామదుంపలు ఉడకేస్తుంటే కింద నుంచి పిలుపు వినిపించింది.

"టెమా!"

మరదలా అనలేదు. పేరు పెట్టి పిలిచాడు. గరిటె అక్కడే పడేసి వెళ్ళాను.

గది మూల పలకలు ఎత్తేసి ఉన్నాయి. కింద నల్లటి తడి మట్టి. అపొరోసా మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ తొడల మీద పెట్టుకున్నాడు. మట్టిలో ముందు నాకు కనిపించింది తెల్లటి వలయం. పెద్ద ఆల్చిప్పను అరగదీసి చేసిన కంకణం. దాని మధ్యలో చేతి ఎముక.

నేను చాలా శవాలు చూశాను. అయినా అపొరోసా పక్కన కూర్చుండిపోయాను.

"ఇలాంటిదే మా తాత చేతికుండేది" అన్నాడు అపొరోసా మెల్లగా. "వాళ్ళ నాన్నదట. శవపెట్టెలో పెట్టేదాకా తీయలేదు."

పోలీసులొచ్చారు. మా ఆసుపత్రి డాక్టరొచ్చాడు. నూరేళ్ళు దాటిన ఎముకలు, ఇప్పటి నేరం కాదు, కేసు లేదన్నారు. పళ్ళు చూసి, పదిహేను పదహారేళ్ళ పిల్లాడు అయ్యుంటాడని డాక్టరు చెప్పాడు. ఎలా చనిపోయాడో తెలిసే వీల్లేదన్నాడు. జ్వరమో, దెబ్బో, తిండి లేకో. ఒకటి మాత్రం తెలుస్తూనే ఉంది. శ్మశానానికి తీసుకెళ్ళలేదు. పలకలెత్తి, పూడ్చి, మళ్ళీ పలకలు పరిచి మేకులు కొట్టేశారు.

అత్త మెట్ల మీదే నిలబడింది, కిందికి దిగలేదు. డాక్టరు చెప్పిందంతా విని, "కెప్టెన్ తాతగారిది కొబ్బరి వ్యాపారం" అంది.

డాక్టరు చేతి తొడుగులు విప్పుకున్నాడు.

"ఎవరో ఓడ పనివాడు పోయుంటాడు. అంటురోగం భయంతో అక్కడే పూడ్చి ఉంటారు. ఆ రోజుల్లో అలాంటివి జరిగేవి." ఆవిడ గొంతు క్లాసులోలాగే గట్టిగా ఉంది. "ఏరా అపొరోసా, అలా చూస్తావేం? నా ఇంట్లో నిలబడి మా తాతగారిని హంతకుడంటావా?"

"నేనేం అనలేదు టీచరమ్మా." అతను ఉలీ సుత్తీ ఒక్కొక్కటే సంచిలో సర్దుకుంటున్నాడు. "కానీ ఇక ఈ ఇంటి మీద చెయ్యి వెయ్యలేను. మా పెద్దల్ని అడగాలి."

"సగం నేల అలా తెరిచి పెట్టి పోతావా? వానొస్తే?"

"తడవనివ్వండి" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. నా వైపు చూడలేదు.

సువా నుంచి ఆఫీసు అబ్బాయి రొనీల్ వచ్చాడు. మర్యాదగల పిల్లాడే. ఎముకల్ని మ్యూజియానికి తీసుకెళ్తామనీ, నేల పాతదానిలాగే మళ్ళీ వేసుకోవచ్చనీ, ఇంటి గుర్తింపుకి ఏ ఇబ్బందీ రాదనీ చెప్పాడు. చర్చిలో మా బంధువులు అత్తను చుట్టుకుని ధైర్యం చెప్పారు. ఇప్పుడెందుకు తవ్వుకోవడం, ఆ రోజుల్లో అందరూ అంతేగా అన్నారు. అత్త అందరికీ తల ఊపింది. ఇంటికొచ్చాక అన్నం సరిగా తినలేదు. యాత్రికులు గేటు దగ్గర నిలబడి ఫొటోలు తీసుకుంటుంటే మొదటిసారి ఎదురెళ్ళలేదు.

రెండు మూడు రోజుల తర్వాత, పొద్దున్నే నన్ను పిలిచింది. చర్చికి వెళ్ళేటప్పుడు వేసుకునే గౌనులో ఉంది.

"కిందికి తీసుకెళ్ళవే. మెట్లు జారుతున్నాయి."

చెయ్యి పట్టుకుని దించాను. ఎముకల మీద అపొరోసా కప్పిన చాప అలాగే ఉంది. అత్త లోపలికి వెళ్ళి గోడవారగా నిలబడింది.

"తలుపు వెయ్యి."

"అత్తా..."

"వేసి గడియ పెట్టు. నేను తట్టేదాకా తియ్యకు."

ఆవిడ మాట కాదనడం మా ఇంటా వంటా లేదు. గడియ పెట్టాను. తుప్పు పట్టిన ఆ ఇనుము కరకరమంటూ పట్టాల్లోకి దిగింది. బయట గోడకి చేరగిలబడి కూర్చున్నాను. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. ఎండ పైకెక్కింది. చేపల ఫ్యాక్టరీ భోజనాల కూత వేసింది. నాకు భయమేసి, తీసేద్దామని లేచాను, మళ్ళీ కూర్చున్నాను. చివరికి తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు.

తెరిచేసరికి అత్త ముఖం చెమటతో తడిసిపోయి ఉంది. ఎండలోకి వచ్చి కళ్ళు చికిలించింది.

"ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో తెలుసా నీకు?" అంది.

"ఎప్పుడూ చూడలేదత్తా."

"సముద్రం. లంగరేసిన ఓడలు నిలిచే చోటు సరిగ్గా కనిపిస్తుంది. వచ్చిన ఓడ కనిపిస్తుంది, వెళ్ళిపోయే ఓడ కనిపిస్తుంది." గౌను చేతితో ముఖం తుడుచుకుంది. "కొబ్బరికి కిటికీ ఊచలెందుకని మా నాన్నని ఒకసారి అడిగాను. చెంప మీద కొట్టాడు. మళ్ళీ అడగలేదు. అడక్కుండా ఉండటం అలవాటైపోయింది."

ఆ మధ్యాహ్నమే పెట్టె తెరిచి, నాయనమ్మ ఇచ్చిన తిమింగలం పన్ను బయటికి తీసింది. తంబువా అంటాం మేము. తేనె రంగుకి తిరిగిన పాత పన్ను, నారతాడుతో. మాలో పెళ్ళడగాలన్నా, చావుకి వెళ్ళాలన్నా, తప్పొప్పుకోవాలన్నా తంబువా లేకుండా నోరు తెరవరు. ఇచ్చినవాళ్ళు కింద కూర్చుని తల వంచుకుంటారు. తీసుకోవడమో, తీసుకోకపోవడమో అవతలి వాళ్ళ ఇష్టం.

సాలమన్ వాళ్ళ వాడకి ట్రక్కులో దీవి చుట్టూ తిరిగి వెళ్ళాం. ముందే కబురు పంపించాను కాబట్టి అందరూ చర్చి పక్క పాకలో చేరి ఉన్నారు. పెద్దాయన నఫితలాయ్ మధ్యలో కూర్చున్నాడు. అపొరోసా వెనక వరసలో ఉన్నాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. మేము గడప బయట మట్టిలోనే చాప పరుచుకుని కూర్చున్నాం. అత్త మోకాళ్ళు వంగవు. నేను పట్టుకుని కూర్చోబెట్టాను. ఇలాంటప్పుడు తరఫున మాట్లాడే మనిషి వేరే ఉంటాడు. అత్త నాయనమ్మ ఊరి నుంచి ఒకాయన వచ్చాడు కూడా. అత్త వద్దంది.

"ఇన్నాళ్ళూ నా నోటితోనే చెప్పాను ఆ ఇంటి కథ. ఇదీ నా నోటితోనే చెప్తాను."

తంబువాని రెండు చేతుల మధ్య పట్టుకుని తల వంచింది.

"మీ పిల్లాడు మా ఇంటి కింద ఉన్నాడు. మా ముత్తాత తెచ్చాడు. మా ముత్తాత పూడ్చాడు. ఆ పలకల మీద మేమందరం నడిచాం. నేను దాచలేదు, కానీ అడగనూ లేదు. అది కూడా దాచడమే. ఆ పిల్లాడి కోసం, ఆ గదిలో మూసిన మిగిలిన వాళ్ళ కోసం, మీ కాళ్ళ దగ్గర ఇది పెడుతున్నాను."

నఫితలాయ్ పక్కనున్న ఆవిడ, అతని అక్క సలనియేటా, లేచి నిలబడింది.

"ఈ పన్ను తూస్తే మనిషికి సరిపోతుందా?" అంది. "లేచి వెళ్ళమను." అనేసి తనే బయటికి వెళ్ళిపోయింది. మమ్మల్ని దాటుతున్నప్పుడు ఆవిడ గౌను అంచు అత్త భుజానికి తగిలింది. అత్త తలెత్తలేదు.

నఫితలాయ్ తంబువాని ముట్టుకోలేదు.

"టీచరమ్మా, మీరు నాకు మూడో తరగతి చెప్పారు. గుర్తుందా?"

"గుర్తుంది. చివరి బల్ల. లెక్కలు బాగా చేసేవాడివి."

"ఒకరోజు మమ్మల్నందర్నీ వరసగా నడిపించి కొండ మీద మీ ఇంటికి తీసుకెళ్ళారు. ఊరి చరిత్ర పాఠం. ఆ గది తలుపు ముందు నిలబెట్టి చూపించారు. ఏం చెప్పారో గుర్తుందా?"

అత్త ముందుకు వంగి చాప అంచు పట్టుకుంది.

"కెప్టెన్ గారు ఇక్కడ సరుకులు పెట్టేవారని చెప్పారు." అతని గొంతులో కోపం లేదు. అదే భరించలేకపోయాను నేను. "అబద్ధం కాదులెండి. మేమూ సరుకులమే."

అత్త తల ఇంకా వంగింది. చాప మీద చుక్కలు పడుతున్నాయి. ఆవిడ ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

"మాకు జరిగినదానికైతే, దీన్ని తీసుకునే హక్కు నాకుంది" అన్నాడు నఫితలాయ్. "కానీ ఆ పిల్లాడి బదులు నేను తీసుకోలేను. అతన్ని అడగండి ముందు. మేం వస్తాం. అతన్ని మా దగ్గరికి తెచ్చుకుంటాం. అప్పుడు చూద్దాం."

రొనీల్‌కి ఫోన్ చేసి ఎముకలు మ్యూజియానికి ఇవ్వనని చెప్పింది అత్త. అతనేవో నియమాలు చదవబోయాడు.

"నాయనా, నువ్వు ఇంటికి కాపలా. గోడలు, కిటికీలు, రంగులు నీవి. ఆ పిల్లాడు ఇంట్లో భాగం కాదు. అతన్ని నీ కాగితాల్లో చేర్చకు" అంది.

పై వాళ్ళతో మాట్లాడి, అతనే అనుమతి తెచ్చిచ్చాడు. అతన్ని తప్పు పట్టలేం.

శనివారం పొద్దున సాలమన్ వాళ్ళంతా వచ్చారు. కింద బజారులో ట్రక్కులు దిగి, కొండ మెట్లన్నీ నడిచే ఎక్కారు. ముసలివాళ్ళు, ఎత్తుకున్న పిల్లలు, అందరూ. ఊళ్ళో దుకాణాల వాళ్ళు బయటికొచ్చి నిలబడ్డారు. ఎవరో ఒకాయన టోపీ తీశాడు, చూసి మిగతావాళ్ళూ తీశారు. అత్త హాలు తలుపులు బార్లా తెరిచి పెట్టింది. ఎవరూ హాల్లోకి వెళ్ళలేదు. నేరుగా కింది గదికి వెళ్ళారు.

అత్త గుమ్మం దగ్గర కూర్చుని, తంబువాని ఆ చాప ముందు పెట్టింది. ఏం చెప్పిందో నాకు వినపడలేదు. పెదవులు మాత్రం చాలాసేపు కదిలాయి. తర్వాత పక్కకి జరిగింది.

అపొరోసా లోపలికి దిగి, ఎముకల్ని ఒక్కొక్కటిగా ఎత్తి చెట్టు బెరడు కొట్టి చేసిన బట్ట మీద పేర్చాడు. అతను పిల్లల తండ్రి. నిద్రపోయే పిల్లాడిని ఎత్తినట్టే ఎత్తాడు. కంకణం ఎముక నుంచి జారిపోబోతే, సరిచేసి మళ్ళీ దానికే తొడిగాడు. గదిలో ఒక ముసలమ్మ ఏదో పాట అందుకుంది. వాళ్ళ పాత భాషది. ఆ భాష ఇప్పుడు వాళ్ళలో ఎవరికీ రాదు. పాటలో మిగిలిన నాలుగు ముక్కలకీ అర్థం కూడా తెలియదట. పిల్లాడిది వాళ్ళ ముత్తాతల దీవేనా, ఇంకోటా, అదీ తెలియదు. అయినా పాడింది. ఒక్కొక్కరే గొంతు కలిపారు.

"పేరు?" అని పాస్టరు అడిగాడు, ప్రార్థన కోసం.

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఏదో ఒక పేరు పెడదామని ఎవరో అన్నారు.

"వద్దు" అన్నాడు నఫితలాయ్. "వాళ్ళమ్మ పెట్టిన పేరు ఒకటుంటుంది. మనకు తెలియనంత మాత్రాన తీసేసే హక్కు లేదు. మా అబ్బాయి అనండి చాలు."

వాళ్ళ శ్మశానంలో, సముద్రం వైపు తల పెట్టి పూడ్చారు. మట్టి కప్పడం అయ్యాక నఫితలాయ్ అత్త ముందుకొచ్చి చేతులు చాపాడు. అత్త తంబువా ఇచ్చింది. అతను దాన్ని వాసన చూసి, పద్ధతి ప్రకారం ముద్దుపెట్టుకుని, అందుకున్నానన్నాడు. అంతే. క్షమించాననలేదు. ఆ మాట మా పద్ధతిలో లేదు కూడా. అందుకున్నానంటే ఇక ఇద్దరూ ఒక చాప మీద కూర్చోవచ్చని.

ఆ వారమే అపొరోసా సంచి తగిలించుకుని వచ్చాడు.

"నేల వెయ్యమంటారా టీచరమ్మా?"

"ఆ మూల వద్దు. అక్కడ మట్టి అలాగే ఉండనీ."

"ఆఫీసువాళ్ళు ఊరుకోరు. పాతదానిలాగే ఉండాలంటారు."

"ఊరుకునేదాకా నేను ఊరుకోను" అంది అత్త.

ఊరుకోలేదు కూడా. సువాకి రెండుసార్లు ఓడెక్కి వెళ్ళి, వాళ్ళు ఒప్పుకునేదాకా ఆఫీసు కమిటీ ముందు కుర్చీ వేసుకు కూర్చుంది. ఇప్పుడు యాత్రికులు వస్తే అత్త ముందు హాలు చూపించదు. కింది గదికి తీసుకెళ్ళి, కిటికీ దగ్గర నిలబెట్టి, బయటికి చూడమంటుంది. వాళ్ళు చూస్తుండగా చెబుతుంది. కొందరు మధ్యలోనే వెళ్ళిపోతారు. మా బంధువుల్లో ఇద్దరు ముగ్గురు మా గుమ్మం తొక్కడం మానేశారు.

అపొరోసా నాతో మామూలుగా మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. ఒకరోజు ఆసుపత్రి ముందు ఎదురుపడి, "ఏం మరదలా, మోకాళ్ళకి నూనె రాస్తున్నావా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

క్రిస్మస్ ముందు, ఈస్టర్ ముందు అత్త ఆ వాడకి వెళ్తుంది. వెంట నేనుంటాను. నఫితలాయ్ పాకలోపలే చాప వేయిస్తాడు. పిల్లలు చుట్టూ చేరి పాఠాలు అప్పజెబుతారు. సలనియేటా మాత్రం ఈనాటి వరకూ అత్తతో ఒక్క మాట మాట్లాడలేదు. అత్తా మాట్లాడమని అడగలేదు. సలనియేటాయే నిమ్మాకుల టీ కాచి, కప్పు తెచ్చి అత్త ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంటుంది. అత్త చివరి చుక్క దాకా తాగి, కప్పు పక్కన పెట్టి, తల వంచి లేస్తుంది.